సింగిల్ ఫేజ్ మోటారులో కెపాసిటర్ మళ్లీ మళ్లీ ఎందుకు పోతుంది?

బెంగళూరు కామాక్షిపాళ్య, పీణ్య, రాజాజీనగర్ చుట్టుపక్కల చిన్న షెడ్లలో పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్, బెంచ్ గ్రైండర్, ఎయిర్ కంప్రెసర్, చెక్కకోత మిషన్ వంటివాటిని నడిపే సింగిల్ ఫేజ్ మోటారు, స్విచ్ వేయగానే గుయ్‌మని మూలిగి తిరగకుండా నిలబడిపోతే, చుట్టూ ఉన్నవారి నోట వచ్చే మొదటి మాట "కండెన్సర్ పోయింది" అన్నదే. కెపాసిటర్‌కే షెడ్లలో ఆ పేరు. ఆ షెడ్లలో హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు మెకానిక్కులకూ ఈ మాట నిత్యం వినపడేదే. విడిభాగాల దుకాణాలున్న ఎస్.పి. రోడ్డుకు మనిషిని పంపితే సాయంత్రానికి కొత్తది వస్తుంది, బిగించగానే మోటారు తిరుగుతుంది, అక్కడితో మరమ్మతు పూర్తయినట్టే లెక్క. చాలాసార్లు ఆ నిర్ధారణ నిజమే. అయితే కొన్ని మిషన్లలో కొత్త కెపాసిటర్ కూడా కొద్ది వారాలకే ఉబ్బిపోతుంది, కొన్నింటిలో అరగంటలోనే పగిలిపోతుంది. అలాంటి సందర్భాల్లో కెపాసిటర్ సాధారణంగా వేరొక లోపానికి బలైన భాగం మాత్రమే. ఆ లోపాన్ని వెతకకుండా భాగాన్ని మాత్రం మారిస్తే తరువాత కాలేది మోటారు లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్; అప్పుడయ్యే ఖర్చు కెపాసిటర్ ధరకు ఎన్నో రెట్లు.

ఈ భాగం చేసే పని ముందుగా తెలియాలి. నికోలా టెస్లా 1888లో పేటెంట్లు పొందిన బహుళ ఫేజ్ మోటారుకు కెపాసిటర్‌తో నిమిత్తం లేదు. ఒకదానికొకటి వెనుకబడి నడిచే కరెంట్లు మోటారులో కదలని భాగమైన స్టేటర్‌లోకి వెళ్లేసరికి, తిరిగే అయస్కాంత క్షేత్రం దానంతటదే ఏర్పడుతుంది. సింగిల్ ఫేజ్‌కు ఆ సౌకర్యం లేదు. ఒకే వైండింగ్‌లో కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తిచేస్తుంటే, క్షేత్రం ఒకే గీత మీద పెరుగుతూ తరుగుతూ దిశ మార్చుకుంటుందే తప్ప చుట్టూ తిరగదు. లెక్కకు వీలుగా దీన్ని ఎదురెదురు దిశల్లో సమాన బలంతో తిరిగే రెండు క్షేత్రాల కలయికగా భావిస్తారు. తిరిగే భాగమైన రోటార్ కదలకుండా ఉన్నప్పుడు ఆ రెండింటి లాగుడూ సరిసమానం కాబట్టి మోటారుకు బయలుదేరే శక్తి సున్నా. ఏదో ఒక వైపు కొంచెం తిప్పితే మాత్రం ఆ దిశలోని క్షేత్రానిది పైచేయి అవుతుంది, మోటారు అటువైపే వేగం పుంజుకుంటుంది.

ఈ మొదటి కదలిక కోసమే స్టేటర్‌లో రెండో వైండింగ్‌ను (స్టార్టింగ్ వైండింగ్) వేరే కోణంలో చుట్టి, దానికి వరుసగా కెపాసిటర్‌ను కలుపుతారు. మెయిన్ వైండింగ్‌లో కరెంటు వోల్టేజికి వెనుక నడుస్తుంది, కెపాసిటర్ ఉన్న దారిలో ముందు నడుస్తుంది. ఈ రెండు కరెంట్ల మధ్య తేడా పావు ఆవృత్తానికి, అంటే 90 డిగ్రీలకు ఎంత దగ్గరైతే క్షేత్రం అంత చక్కగా తిరుగుతుంది. అంటే కెపాసిటర్ విలువ ఇష్టం వచ్చినట్టు పెట్టుకునేది కాదు. వైండింగ్‌లోని చుట్ల సంఖ్యకు, తీగ మందానికి, 50 హెర్ట్జ్ సరఫరాకు సరిపోయేలా తయారీదారు లెక్కగట్టినది.

వర్క్‌షాప్‌లో కనిపించే కెపాసిటర్లు రెండు జాతులు. వాటిని తారుమారు చేయడమే కొన్ని మోటార్ల కథ ముగియడానికి కారణం. స్టార్టింగ్ కెపాసిటర్ సాధారణంగా నల్లటి గుండ్రని ప్లాస్టిక్ లేదా బేకలైట్ డబ్బాలో ఉంటుంది. లోపల రెండు అల్యూమినియం రేకుల మధ్య విద్యుద్విశ్లేష్య ద్రవంలో తడిసిన కాగితం చుట్ట. తక్కువ చోటులో ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి మీద 80–100, 100–120, 150–200 మైక్రోఫారాడ్లంటూ (కెపాసిటర్ విలువను కొలిచే ప్రమాణం) ఒక పరిధి రాసి ఉంటుంది. ఇది కొద్ది సెకన్ల పనికి మాత్రమే పుట్టింది. గంటకు 20 సార్లు, ఒక్కొక్కసారి 3 సెకన్లు అన్నది ఇలాంటివాటికి తరచుగా కనిపించే పరిమితి. రోటార్ దాదాపు మూడొంతుల వేగం అందుకోగానే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ దీన్ని సర్క్యూట్ నుంచి విడదీస్తుంది. రన్నింగ్ కెపాసిటర్‌ది వేరే తీరు. అందులో లోహపు పూత వేసిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్ ఉంటుంది, విలువ కొన్ని మైక్రోఫారాడ్ల నుంచి సుమారు 50 వరకు, మోటారు తిరిగినంతసేపూ సర్క్యూట్‌లోనే ఉంటుంది. కొన్ని మోటార్లకు మొదటిది మాత్రమే, కొన్నింటికి రెండోది మాత్రమే, బరువైన కంప్రెసర్ల వంటివాటికి రెండూ ఉంటాయి. స్టార్టింగ్ కెపాసిటర్‌ను రన్నింగ్ స్థానంలో పెడితే నిమిషాల్లో వేడెక్కి పగులుతుంది. రన్నింగ్‌ది స్టార్టింగ్ స్థానంలో పెడితే పగలదు గానీ, విలువ చాలక మోటారు మూలుగుతూ అలాగే నిలబడుతుంది.

230 వోల్టుల సరఫరాకు 440 వోల్టులని రాసిన డబ్బా ఎందుకన్న ప్రశ్న కౌంటర్ దగ్గర తరచుగా వస్తుంది. మోటారు తిరుగుతున్నప్పుడు రెండో వైండింగ్, కెపాసిటర్ కలిసి ఉన్న దారిలో కెపాసిటర్ కొనల మధ్య వోల్టేజి సరఫరా కన్నా బాగా ఎక్కువగా ఉంటుంది. 300 వోల్టులు దాటడం మామూలే. అందుకే 250 వోల్టుల రన్నింగ్ కెపాసిటర్ ఆ చోట కొంతకాలం పని చేసినట్టే చేసి కూలిపోతుంది. ఈ రకం కెపాసిటర్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2993, అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60252. రెండో ప్రమాణంలోని ఆయుష్షు తరగతులు కొనేవారు చూడదగినవి: ఎ తరగతికి 30,000 గంటలు, బికి 10,000, సికి 3,000, డికి 1,000. రోజూ ఎనిమిది గంటలు నడిచే మిషన్‌కు సి తరగతిది సుమారు ఏడాదికే, బి తరగతిది మూడున్నరేళ్లకు తన గంటలు పూర్తి చేసుకుంటుంది. ఒకే మైక్రోఫారాడ్ విలువ గల రెండు డబ్బాల ధరలో తేడా ఉంటే, ఆ తేడా ఈ చిన్న అక్షరంలో ఉందేమో చూడాలి. అక్షరమే లేకపోతే అనుమానించడం న్యాయం.

ఇక కెపాసిటర్ ఎలా చస్తుందన్నది. స్టార్టింగ్ కెపాసిటర్‌లో ద్రవం నెమ్మదిగా ఆరిపోతుంది, విలువ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. వేడి దీనికి ప్రధాన శత్రువు. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో స్థిరపడిన ఉజ్జాయింపు. మోటారు వైండింగ్‌కు ఇన్సులేషన్ తరగతి బి అయితే 130 డిగ్రీల వరకు అనుమతి ఉంది. దాని వీపు మీదే మూపురంలా కూర్చున్న కెపాసిటర్ మీద మాత్రం 70 అనో 85 అనో రాసి ఉంటుంది. బెంగళూరు వాతావరణం చల్లనిదే కావచ్చు గానీ, ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద, గాలి ఆడని మూలన ఉన్న మోటారుకు ఆ చల్లదనం అందదు. రన్నింగ్ కెపాసిటర్‌లోని ఫిల్మ్ ఎక్కడైనా చిల్లుపడితే ఆ చుట్టూ లోహపు పూత ఆవిరై, చిల్లు దానంతటదే వేరుపడిపోతుంది. ఇది మంచి గుణమే. అయితే ప్రతిసారీ కొంత పూత పోతుంది కాబట్టి విలువ కొద్దికొద్దిగా తరుగుతుంది. అందుకే రన్నింగ్ కెపాసిటర్ చాలాసార్లు ఒక్కసారిగా చావకుండా నెలల తరబడి బలహీనపడుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, బరువు మీద నీరసిస్తుంది, ఒళ్లు కాలిపోతుంది, ఎవరూ కెపాసిటర్‌ను అనుమానించరు.

అకాల మరణాల్లో ఎక్కువ వాటా సెంట్రిఫ్యూగల్ స్విచ్‌దే. దాని పాయింట్లు, అంటే తగిలి విడిపోయే లోహపు కొనలు, అతుక్కుపోతే స్టార్టింగ్ కెపాసిటర్ సర్క్యూట్‌లోనే ఉండిపోతుంది. 3 సెకన్ల పనికి పుట్టినది నిమిషాల తరబడి కరెంటు మోసి పగులుతుంది. కొత్తది బిగించగానే మోటారు బ్రహ్మాండంగా బయలుదేరుతుంది, ఎందుకంటే అతుక్కున్న పాయింట్లు బయలుదేరడానికి అడ్డు కావు. అందుకే మరమ్మతు సఫలమైందన్న భ్రమ కలుగుతుంది, రెండో కెపాసిటరూ పోతుంది, దానితోపాటు సన్నతీగతో చుట్టిన స్టార్టింగ్ వైండింగ్ కూడా మాడుతుంది. దీని తనిఖీ చాలా సులభం. మోటారు ఆపాక వేగం తగ్గుతుండగా లోపల 'టిక్' మని స్విచ్ మూసుకునే శబ్దం వినిపించాలి. అది వినిపించకపోతే స్విచ్ తెరుచుకోలేదనే అనుమానించాలి. వడ్రంగం షెడ్లలో దీనికి విరుద్ధమైన జబ్బు కనిపిస్తుంది: సన్నటి చెక్కపొట్టు పాయింట్ల మధ్య చేరి స్విచ్ మూసుకోనివ్వదు. అప్పుడు కెపాసిటర్ నిక్షేపంగా ఉన్నా మోటారు అచ్చం కెపాసిటర్ పోయినట్టే మూలుగుతుంది. మారుస్తే ఫలితం ఉండదు. పాయింట్లను శుభ్రం చేస్తే ఉంటుంది.

పాయింట్లు ఎందుకు అతుక్కుంటాయన్నదానికీ కెపాసిటర్‌లోనే ఒక కారణం ఉంది. స్విచ్ తెరుచుకున్న క్షణంలో స్టార్టింగ్ కెపాసిటర్ తనలో ఉన్న ఛార్జిని పట్టుకుని ఒంటరిగా నిలబడుతుంది. మోటారు ఆగుతూ స్విచ్ మళ్లీ మూసుకోగానే ఆ ఛార్జి పాయింట్ల గుండా ఒక్క ఉదుటున పారుతుంది. రన్నింగ్ కెపాసిటర్ కూడా ఉన్న మోటారులో ఆ ఉదుటు మరీ తీవ్రం. దీన్ని నివారించడానికి స్టార్టింగ్ కెపాసిటర్ కొనల మధ్య 15 కిలో ఓమ్, 2 వాట్ల రెసిస్టర్‌ను అతికిస్తారు; ఛార్జి దాని గుండా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పాతది పారేసేటప్పుడు ఆ చిన్న రెసిస్టర్ కూడా చెత్తలోకి పోవడం, కొత్తదానికి ఎవరూ తిరిగి పెట్టకపోవడం సర్వసాధారణం. ఆరు నెలల తర్వాత అతుక్కున్న పాయింట్లకూ ఆ రోజు పారేసిన రెసిస్టర్‌కూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

మరో కారణం మిషన్ వాడే తీరు. పైపుల్లో గాలి కారుతున్న కంప్రెసర్ రెండు నిమిషాలకోసారి బయలుదేరితే గంటకు 30 స్టార్టులు. 20 స్టార్టుల కెపాసిటర్‌కు అది ఎక్కువ. కంప్రెసర్ ఆగినప్పుడు తలలోని గాలిని వదిలే అన్‌లోడర్ వాల్వ్ పట్టేసినా, మోటారు పూర్తి ఒత్తిడికి ఎదురుగా బయలుదేరాల్సి వచ్చి 3 సెకన్లు 8 సెకన్లవుతాయి. ఇక్కడ చెడింది గాలి వ్యవస్థ, మాడేది కెపాసిటర్. వోల్టేజి కూడా ఇంతే. ఈ రకం (ఇండక్షన్) మోటారు టార్క్, అంటే తిప్పే బలం, వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, 230 ఉండాల్సిన చోట 190 వోల్టులే అందితే టార్క్ 68 శాతానికి పడిపోతుంది. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగను ముప్పై మీటర్లు లాగి దాని చివర మిషన్ తగిలించే షెడ్లలో, మోటారు బయలుదేరే క్షణాన వోల్టేజి ఎంతకు పడుతున్నదో చూడకుండా కెపాసిటర్‌ను నిందించడం అన్యాయం.

పరీక్షకు ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. 230 వోల్టుల సరఫరా గరిష్ఠ స్థాయి 325 వోల్టులు. ఆ స్థాయిలో ఛార్జి పట్టిన 150 మైక్రోఫారాడ్ల కెపాసిటర్‌లో దాదాపు 8 జౌళ్ల శక్తి ఉంటుంది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి చిటపటలాడించే అలవాటు షెడ్లలో విరివిగా ఉంది గానీ, దానివల్ల టెర్మినళ్లు గుంటలు పడతాయి, లోపలి అతుకులు దెబ్బతింటాయి, చెయ్యి జారితే కాలుతుంది. 10 నుంచి 20 కిలో ఓమ్‌ల మధ్య ఉన్న 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న తీగలతో పావు నిమిషం కొనల మధ్య పట్టుకుని, తర్వాత మీటరుతో వోల్టేజి సున్నా అయిందని చూసుకుంటే సరిపోతుంది. మోటారు బయలుదేరుతుందా అని చూడటానికి చేత్తో ఒక తోపు తోసే పద్ధతి సిద్ధాంతపరంగా సరైనదే. అయితే గ్రైండింగ్ చక్రం, రంపం బ్లేడు బిగించి ఉండగా అలా చేయడం వేళ్లతో పందెం కాయడమే. కరెంటు లేనప్పుడు షాఫ్ట్ చేత్తో తేలిగ్గా తిరుగుతున్నదా, బేరింగ్ పట్టేసిందా అన్నది మాత్రం తప్పక చూడాలి.

పైకి ఉబ్బు, కారిన ద్రవం, కాలిన వాసన కనిపిస్తే వేరే రుజువు అక్కర్లేదు. కనిపించకపోతే కెపాసిటెన్స్ చూపే మల్టీమీటర్‌తో, తీగలు విప్పి, రెసిస్టర్ ఉంటే దాని ఒక కొన వేరు చేసి కొలవాలి. రన్నింగ్ కెపాసిటర్ మీద సాధారణంగా 5 శాతం అటూ ఇటూ అని రాసి ఉంటుంది. రాసిన విలువ కన్నా 10 శాతానికి మించి తగ్గితే మార్చడం మేలు. స్టార్టింగ్‌ది రాసిన పరిధిలో కింది అంకె కన్నా దిగువన ఉంటే అది అలిసిపోయినట్టే. మీటరుకూ ఒక పరిమితి ఉంది. అది కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది. 300 వోల్టుల దగ్గర మాత్రమే బయటపడే లోపలి లీకేజి దానికి కనిపించదు.

అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు మోటారు నడుస్తుండగా, తీగ చుట్టూ పట్టి కరెంటు చూపే క్లాంప్ మీటర్‌తో కొలిచే పద్ధతిని ఎక్కువగా నమ్ముతారు. 50 హెర్ట్జ్ సరఫరాలో, కెపాసిటర్ తీగలోని ఆంపియర్లను 3183తో గుణించి, కెపాసిటర్ కొనల మధ్య వోల్టులతో భాగిస్తే మైక్రోఫారాడ్లు వస్తాయి. ఉదాహరణకు 36 అని రాసిన రన్నింగ్ కెపాసిటర్‌లో 3 ఆంపియర్లు, 330 వోల్టులు కనిపిస్తే అసలు విలువ 29 కూడా లేదు; దాదాపు ఐదో వంతు కరిగిపోయింది. తెరిచిన టెర్మినళ్ల మీద కరెంటు ఉండగా చేసే పని కాబట్టి అలవాటు లేనివారు దీని జోలికి వెళ్లకూడదు.

కొత్తది కొనేటప్పుడు వినిపించే సలహా ఒకటుంది: "ఒక సైజు పెద్దది వెయ్యన్నా, గట్టిగా లాగుతుంది." స్టార్టింగ్ కెపాసిటర్ విషయంలో కొంచెం పెద్దది హాని చేయకపోవచ్చు, ఉన్నది కొద్ది సెకన్లే కాబట్టి 20 శాతం వరకు ఎక్కువను సాధారణంగా సహిస్తారు. రన్నింగ్ కెపాసిటర్ విషయంలో మాత్రం ఇది పచ్చి తప్పు. విలువ పెరిగితే స్టార్టింగ్ వైండింగ్‌లో కరెంటు నిరంతరం పెరుగుతుంది, బరువు లేనప్పుడు కూడా అది వేడెక్కుతుంది, మోటారు గరగరమంటుంది, ఇన్సులేషన్ ముదురుతుంది. మిషన్ గట్టిగా లాగుతున్న మాట కొన్నాళ్లు నిజమే, ఆ బలం మోటారు ఆయుష్షులోంచి తీసుకున్నది. వోల్టేజి సంగతి ఇందుకు వ్యతిరేకం: రాసిన దానికన్నా ఎక్కువ వోల్టులది ఎప్పుడైనా వాడవచ్చు, డబ్బా కొంచెం పెద్దదవుతుంది, అంతే. కచ్చితమైన విలువ దొరక్కపోతే రెండింటిని సమాంతరంగా కలిపి మొత్తం తెచ్చుకోవడం సక్రమమైన పద్ధతే, ఒక్కొక్కదాని వోల్టేజి రేటింగు సరిపోయినంతవరకు. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న స్టార్టింగ్ కెపాసిటర్ వాడకుండానే కొంత క్షీణిస్తుంది కాబట్టి తయారీ తేదీ చూసి తీసుకోవడం అవసరం.

ఎక్కువ తికమక పెట్టేవి రీవైండింగ్ జరిగిన, అంటే పాత తీగ తీసి కొత్తగా చుట్టిన, మోటార్లు. నేమ్‌ప్లేట్ మీద 25 మైక్రోఫారాడ్లని ఉండవచ్చు. చుట్ల సంఖ్య, తీగ గేజి మారిపోయాక ఆ అంకెకు అర్థం ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 60 హెర్ట్జ్ విదేశీ మోటార్ల పరిస్థితీ ఇలాంటిదే. అలాంటప్పుడు దగ్గరి విలువలు రెండు మూడు తెచ్చి, మిషన్ మామూలు బరువు మీద ఉండగా ఏ విలువతో సరఫరా కరెంటు కనిష్ఠంగా ఉందో, గంట నడిచాక ఏ విలువతో మోటారు తక్కువ వేడెక్కిందో చూసి నిర్ణయించడం ఆచరణలో నిలిచే దారి. అలా తేల్చిన విలువను, తేదీని టెర్మినల్ బాక్సు మూత లోపల పెయింటుతో రాసిపెట్టడం తరువాత వచ్చే మెకానిక్కుకు పెద్ద ఉపకారం.

బిగింపులో తీగల క్రమం ఫోటో తీసుకోకుండా విప్పితే వచ్చే చిక్కు దిశ మారడం. స్టార్టింగ్ వైండింగ్ కొనలు అటుదిటు అయితే మోటారు ఎదురు తిరుగుతుంది. డ్రిల్లింగ్ మిషన్‌లో అది వెంటనే తెలిసిపోతుంది, ప్రమాదమూ తక్కువ. మరతో బిగించే చక్ ఉన్న పాత లేత్‌లో చక్ విప్పుకుని ఊడిపడవచ్చు. బెంచ్ గ్రైండర్‌లో ఎడమ చక్రం నట్టుకు ఎడమ మర ఉండేది, తిరుగుడు వల్ల నట్లు వదులు కాకుండా ఉండటానికే. ఎదురు తిరిగితే రెండు నట్లూ వదులవుతాయి. కాబట్టి మొదటి పరీక్ష బెల్టు తీసేసి, చక్రాలు విప్పేసి చేయాలి. ఉబ్బినప్పుడు లోపలి తీగను తెంచుకుని సర్క్యూట్ విడదీసుకునే రక్షణ ఉన్న అల్యూమినియం డబ్బాలకు పైన కొంత ఖాళీ వదలాలి. ఉబ్బడానికి చోటే లేకుండా బిగిస్తే ఆ రక్షణ పనిచేయదు. మోటారు వీపు మీద వేడి ఎక్కువైతే కెపాసిటర్‌ను మిషన్ చట్రానికి, మూత ఉన్న పెట్టెలో అమర్చవచ్చు. చెక్కపొట్టు, ఇనుప రజను టెర్మినళ్ల మీద చేరకుండా రబ్బరు తొడుగు వేయాలి.

పాత కెపాసిటర్‌ను పారేసేటప్పుడు ఒక్క రకంతో మాత్రం ప్రత్యేక జాగ్రత్త కావాలి. దశాబ్దాల కిందట దిగుమతైన మిషన్ల మీద నూనె నింపిన బరువైన లోహపు డబ్బాలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిలో పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్లనే విషపూరిత నూనె ఉంటుంది; అమెరికా వాటి తయారీని 1979లో నిషేధించింది. అలాంటి డబ్బా కారుతుంటే వట్టి చేతులతో తాకకుండా, విప్పకుండా, కాల్చకుండా, గట్టి మూత ఉన్న పాత్రలో పెట్టి, ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే అనుమతి ఉన్న సంస్థకు అప్పగించాలి. పాత ఇనుము కొనేవారి బస్తాలో వేయకూడదు.